పళ్ళెం ఖర్చు గుమ్మం దగ్గరే రాయండి

ప్రశ్న: అక్కా, మాది తిరుపతి. రుయా ఆసుపత్రికి నడిచి వెళ్ళేంత దూరంలో మా ఇల్లు. రెండేళ్ళుగా మధ్యాహ్నం పూట ఇంటి వసారాలో భోజనం పెడుతున్నాను. వచ్చేది ఎక్కువగా రోగులకు తోడుగా ఉండేవాళ్ళు. కడప, అనంతపురం, మదనపల్లె వైపు పల్లెల జనం. ధర పెట్టలేదు. "మీకు తోచినంత ఇవ్వండి. మిగిలిన డబ్బు పేద రోగుల మందులకు" అని బోర్డు పెట్టాను. రోజుకు 60 మంది తింటారు. సరుకులు, గ్యాసు, సాయం చేసే అమ్మాయి కూలి కలిపి రోజుకు 2,700 రూపాయలు అవుతోంది. వచ్చేది సగటున 2,340. మందుల మాట అటుంచి, నా చేతి డబ్బే పడుతోంది. మా ఆయన ఆర్టీసీ కండక్టరుగా రిటైరయ్యారు. "టికెట్టు కొట్టకుండా బస్సు నడుస్తుందా? ధర పెట్టు, లేకపోతే మూసెయ్" అంటారు. ధర పెడితే హోటలుకూ నాకూ తేడా ఏముంది?

ఇంకో మూడు సంగతులు నన్ను నిద్రపోనివ్వడం లేదు. రాయచోటి నుంచి వచ్చిన ఒకాయన రెండు రోజులు తిని తర్వాత రాలేదు. ఎంత ఇవ్వాలో తెలియక మొహమాటపడి బన్ను, టీతో గడుపుతున్నాడని ఆయన భార్య చెప్పింది. ఇంకొకాయన ఒకేసారి 5,000 ఇచ్చారు. అప్పటి నుంచి మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చి, వరసలో ఉన్నవాళ్ళకంటే ముందు తమకు వడ్డించమంటారు. మదనపల్లె దగ్గర పల్లె నుంచి బిడ్డను ఆసుపత్రికి తెచ్చిన ఒకమ్మ పన్నెండు రోజులు తినింది. ఏమీ ఇవ్వలేదు, నేనూ అడగలేదు. మొన్న బస్సులో ఒక సంచి శనక్కాయలు పంపింది. పెట్టినదానికి తిరిగి పుచ్చుకుంటే పుణ్యం పోతుందేమో, తిప్పి పంపితే ఆమె నొచ్చుకుంటుందేమో. ఏం చెయ్యమంటారు?
ఒక చెల్లెలు, తిరుపతి

సమాధానం:

చెల్లెమ్మా, మీ ఉత్తరంలో రాయచోటి ఆయన దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. మాది చిత్తూరు పక్కన పల్లె. నా పదహారో ఏట మా నాన్నను వేలూరులో ఆసుపత్రిలో చేర్చారు. ఆ వీధిలో ఒక అవ్వ ఇంట్లోనే అన్నం పెట్టేది. ఎంత అని మా అమ్మ అడిగితే "మీ ఇష్టం తల్లీ" అంది. మా అమ్మ కొంగుముడి విప్పి, ఉన్నది చూసుకుని, మళ్ళీ ముడి వేసి, నా చెవిలో "ఎంత ఇస్తే బాగుంటుందే?" అని అడిగింది. నాకేం తెలుసు? ఏదో ఇచ్చాం. తక్కువ ఇచ్చామేమోనని మరునాటి నుంచి ఆ వీధి గుండా పోవడమే మానేశాం. నాలుగు రోజులు బ్రెడ్డు తిన్నాం. అవ్వ ఎంతో మంచిది, ఆమె అన్నమూ బాగుంది. కానీ ఆ చిన్న మాట మా ఆకలి మీద బరువై కూర్చుంది.

"మీకు తోచినంత" అన్న మాట పలికేవాళ్ళకు తేలిక, వినేవాళ్ళకు లెక్క. ఇంట్లో వ్రతం చేయించి దక్షిణ ఎంత అని అయ్యవారిని అడిగితే "మీకు తోచింది" అంటారు. వెంటనే పక్కింటికి ఫోను చేసి "మొన్న మీరెంత ఇచ్చారు?" అని అడుగుతాం. ఆటో ఎక్కబోతూ ఎంత అంటే "మీ ఇష్టం సార్" అన్న డ్రైవరు బండి ఎక్కడానికి సగం మంది వెనకాడతారు. దిగేటప్పుడు మాట పడాల్సి వస్తుందన్న టెన్షన్ దారి పొడుగునా ఉంటుంది మరి. ఆరోగ్యంగా ఉండి, చేతిలో డబ్బున్న మనకే ఇంత ఇబ్బంది. లోపల మనిషి ఏ స్థితిలో ఉందో తెలియక, రాత్రంతా ఆసుపత్రి వరండాలో పడుకుని వచ్చినవాడికి ఈ లెక్క కూడా అప్పగించకూడదు.

మీ బోర్డులో మొదటి వాక్యం కంటే రెండో వాక్యమే ఎక్కువ మందిని ఆపుతోందని నా అనుమానం. అమెరికాలో ఒక పెద్ద వినోద పార్కులో చేసిన పరిశోధన 2010లో అచ్చయింది. రైడ్ ఎక్కినవాళ్ళ ఫొటోలు తీసి దిగాక అమ్ముతారు. లక్షా పదమూడు వేల మందికి పైగా జనం మీద రకరకాలుగా అమ్మి చూశారు. 12.95 డాలర్లని ధర పెట్టిన రోజుల్లో వెయ్యికి ఐదుగురే కొన్నారు. ఎంతైనా ఇవ్వండి అన్నప్పుడు నూటికి ఎనిమిది మంది కొన్నారు, కానీ సగటున ఒక్క డాలరు కూడా రాలేదు. ఎంతైనా ఇవ్వండి, అందులో సగం ధర్మకార్యానికి పోతుంది అన్నప్పుడు కొన్నవాళ్ళు ఐదు డాలర్లకు పైగా ఇచ్చారు. అంత బాగున్నా, కొన్నవాళ్ళు మాత్రం ఎనిమిది నుంచి నాలుగున్నరకు తగ్గారు. ధర్మం అన్న మాట విన్నాక కొంచెం ఇచ్చి చిన్నబోవడం కంటే అసలు తీసుకోకపోవడమే నయమని మిగిలినవాళ్ళు తప్పుకున్నారు. ఫొటో లేకపోతే ఎవరికీ నష్టం లేదు. అన్నం అలా కాదు. "పేద రోగుల మందులకు" అన్న మాట చదివాక జేబులో ఇరవై రూపాయలే ఉన్నవాడు మీ వసారా ఎక్కగలడా? తానే ఒక పేద రోగి తమ్ముడు అయ్యుండవచ్చు. ఆ వాక్యం రేపే తుడిచేయండి.

కొండ మీద ఉచితంగా పెట్టడం లేదా, అక్కడ ఎవరూ మొహమాటపడరే అని మీకు అనిపించవచ్చు. నేనూ చాలా కాలం అలాగే అనుకున్నాను. తిరుమలలో నిత్యాన్నదానం 1985 ఏప్రిల్ 6న ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మొదలైంది. ఇప్పుడు ఆ భోజనశాలకు మన తరిగొండ వెంగమాంబ పేరే ఉంది. అక్కడ తినేవాడికి అది స్వామి ప్రసాదం, ఏ మనిషికీ బాకీ లేడు. ఇవ్వాలనిపిస్తే హుండీ వేరే చోట, గుడిలో ఉంది. కొప్పెర చుట్టూ గుడ్డ కప్పి ఉంటుంది, చెయ్యి లోపలికి పెడితే రూపాయి వేశామో ఉంగరం వేశామో పక్కవాడికి తెలియదు. పళ్ళేనికీ హుండీకీ మధ్య అంత దూరం ఉంది. మీ వసారాలో తినేది, ఇచ్చేది, ఇచ్చినప్పుడు మీ ముఖం చూసేది అంతా నాలుగు అడుగుల్లోనే. పైగా కొండ మీద వడ్డన వెనక దాతలు కట్టిన నిధులున్నాయి. మీ వెనక ఉన్నది కిరాణా కొట్టు బాకీ.

అన్న క్యాంటీన్‌లో ఐదు రూపాయలకు తినేవాళ్ళను ఒకసారి గమనించండి. ఆ ఐదుతో ఆ భోజనం రాదని ప్రతి ఒక్కరికీ తెలుసు. అయినా టోకెను తీసుకున్న మనిషి వరసలో తల ఎత్తుకుని నిలబడతాడు, ఇంకొంచెం సాంబారు పొయ్యమని గట్టిగానే అడుగుతాడు. ఇవ్వాల్సింది ఎంతో ముందే తెలియడం, అది ఇచ్చేశానన్న నిమ్మది, ఆ ధైర్యం వాటి నుంచే వస్తుంది.

అందుకే మీ ఆయన మాటలో సగం నిజం ఉంది. టికెట్టు మీద అంకె ఉంటుంది కాబట్టే బస్సెక్కినవాడు కండక్టరు కళ్ళలోకి చూసి మాట్లాడగలడు. అంకె కావాలి. కానీ దాన్ని ధరగా పెడితే ఇంకో చిక్కు ఉంది. ఇజ్రాయెల్‌లోని హైఫాలో పిల్లల్ని చూసుకునే కేంద్రాల్లో సాయంత్రం ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు జరిమానా పెట్టి చూశారు. 2000లో అచ్చయిన పరిశోధన ఇది. ఆలస్యాలు తగ్గకపోగా దాదాపు రెట్టింపయ్యాయి. అంతవరకు టీచరమ్మకు ఇబ్బంది అని పరుగెత్తుకొచ్చినవాళ్ళు, డబ్బు కడుతున్నాం కదా అని నెమ్మదించారు. తర్వాత జరిమానా తీసేసినా పాత మర్యాద తిరిగి రాలేదు. మీరు 50 అని ధర కట్టిన రోజు నుంచి మీ దగ్గర కూడా కూరలో ఉప్పు తక్కువైందని డబ్బు తగ్గించమనేవాళ్ళు వస్తారు. డబ్బు లేనివాళ్ళు ఇక రానే రారు. రెండేళ్ళు కష్టపడి మీరు సంపాదించుకున్న చనువును ఒక్క బోర్డుతో పోగొట్టుకోకండి.

ధర వద్దు, ఖర్చు రాయండి. ఆ రెంటికీ చాలా తేడా ఉంది. ధర అంటే ఇంత కడితేనే పెడతాను అని. ఖర్చు అంటే ఈ పళ్ళెం ఇంతలో తయారైంది, తెలుసుకుని మీ వీలును బట్టి ఇవ్వండి అని.

అయితే ముందు ఆ లెక్క సరిగ్గా వెయ్యాలి. మీరు రాసిన 2,700లో మీ కూలి లేదు. తెల్లారి మార్కెట్టుకు పోయేది, పొయ్యి దగ్గర నిలబడేది, ఎంగిలి పళ్ళేలు తోమేది ఎవరు? సాయం చేసే అమ్మాయికి కూలి ఇచ్చి మీకు మీరు ఇచ్చుకోకపోతే, మీరు అలిసిపోయిన రోజున అరవై మంది ఆకలితో వెనక్కి పోతారు. రోజుకు కనీసం 500 వేసుకోండి. 3,200ను అరవైతో భాగిస్తే 53 చిల్లర, 55 అనుకుందాం. ఇప్పుడు మీకు వస్తున్నది పళ్ళేనికి 39. రోజుకు 360 చొప్పున నెలలో 26 రోజులకు 9,360 రూపాయలు మీరు చేతి నుంచి పెడుతున్నారు, అదీ మీ కష్టానికి విలువ కట్టకుండా. తినేవాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలియనే తెలియదు. ఇరవై ఇచ్చి, చాలినంత ఇచ్చాం అనుకునే మంచివాళ్ళు వాళ్ళలో ఎంతమందో. తెలిస్తే ఇస్తారు. వాళ్ళకు తెలియనివ్వకుండా లోలోపల బాధపడటం వాళ్ళకూ న్యాయం కాదు.

గుమ్మం బయట, లోపలికి రాకముందే కనపడేట్టు, పెద్ద అక్షరాలతో ఇలా రాయించండి: "ఒక భోజనానికి మాకయ్యే ఖర్చు 55 రూపాయలు. అంతకు ఎక్కువైనా తక్కువైనా మీ వీలు. డబ్బు లేకపోయినా భోజనం ఉంటుంది." చదువు రానివాళ్ళకు కూర్చోగానే మీరే నోటితో చెప్పండి. తిని లేచాక చెబితే వడ్డించి వసూలు చేసినట్టు ఉంటుంది.

డబ్బు మీ చేతికి ఇవ్వనివ్వకండి. చేతులు కడుక్కునే చోట మూతకు చీలిక ఉన్న డబ్బా పెట్టండి. మీరు వడ్డించే చోటి నుంచి అది కనపడకూడదు. ఫోనులో పంపేవాళ్ళకు క్యూఆర్ కాగితం పక్కనే అంటించండి కానీ, ఆ మాట్లాడే స్పీకరు పెట్టె ఉంటే దాన్ని తీసి వంటింట్లో పెట్టుకోండి. మన పెళ్ళిళ్ళలో చదివింపులు గుర్తున్నాయా? ఫలానావారు నూటపదహార్లు అని మైకులో చదువుతుంటే, తక్కువ తెచ్చినవాళ్ళు కవరు చేతిలో పట్టుకుని గుంపు తగ్గేదాకా పందిట్లోనే తచ్చాడేవాళ్ళు. "పది రూపాయలు వచ్చాయి" అని ఆ పెట్టె వసారా అంతా వినపడేట్టు అరిస్తే, పది రూపాయల మనిషి మళ్ళీ మీ గడప తొక్కడు. హోటలుకు అది మంచి సదుపాయమే. మీ దగ్గర మాత్రం వద్దు.

ఇంకొకరి పళ్ళేనికి కూడా ఇవ్వాలనుకునేవాళ్ళు తప్పకుండా ఉంటారు. డబ్బా పక్కన గుప్పెడు చింతగింజలు, ఒక చిన్న చెంబు పెట్టండి. ఎవరైనా మరో 55 వేస్తే ఒక గింజ చెంబులో వేస్తారు. ఇవ్వలేనివాళ్ళు ఆ చెంబును ముట్టుకోనక్కర్లేదు, అడగనూ అక్కర్లేదు, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోతారు. సాయంత్రం మీరే గింజలు లెక్కపెట్టుకుని, డబ్బాలో తగ్గిన డబ్బుతో సరిచూసుకోండి. గింజలు చాలని రోజు ఎన్ని పళ్ళేలు మీ మీద వేసుకోగలరో ఇప్పుడే అనుకోండి. ఐదు పళ్ళేలంటే 275 రూపాయలు. అంతకు మించి నెలంతా పోతుంటే దాచుకోకుండా బోర్డు కింద రాయండి.

ఇది నా సొంత ఊహ మాత్రమే కాదు. అమెరికాలో బర్కిలీ అనే ఊళ్ళో 2007లో మొదలైన కర్మ కిచెన్ అనే భోజనశాలలో బిల్లు మీద సున్నా ఉండేది. మీ భోజనానికి మీకు ముందు వచ్చినవాళ్ళు ఇచ్చేశారు, మీ తర్వాత వచ్చేవాళ్ళకు మీరు ఇవ్వవచ్చు అని చెప్పేవాళ్ళు. "మీ భోజనానికి తోచినంత ఇవ్వండి" అన్నప్పటి కంటే "ఇంకొకరి భోజనానికి ఇవ్వండి" అన్నప్పుడు జనం ఎక్కువ ఇస్తారని 2014లో వచ్చిన పరిశోధన కూడా చెప్పింది. కానీ అక్కడ వడ్డించింది సొంత జీవనం వేరే ఉన్న సేవకులు. మీరు రోజూ మీ చేతి డబ్బు పెట్టి నడుపుతున్నారు. అందుకని బిల్లు సున్నా పద్ధతి మీకు చెప్పను. గింజల వరకు తీసుకోండి చాలు.

5,000 ఇచ్చిన పెద్దమనిషిని కష్టపెట్టనవసరం లేదు. ఆయన ఇచ్చినది మీకిచ్చిన మేలుగా మీరు మోస్తున్నారు, అందుకే ముందు వడ్డించమంటే కాదనలేకపోతున్నారు. దాన్ని పళ్ళేలుగా మార్చి చెప్పండి. "అన్నా, మీ డబ్బుతో తొంభై మంది తింటారు. మీ పేరున తొంభై గింజలు వేశాను, రోజూ ఎన్ని అయ్యాయో చెబుతాను. భోజనానికి మాత్రం అందరూ ఒకటే వరస, మీరు పెట్టిన అన్నం తినేవాళ్ళు కూడా ఆ వరసలోనే ఉన్నారు." ఈ మాట వడ్డన మధ్యలో నలుగురి ముందు అనకండి, ఆయన ఒక్కరే ఉన్నప్పుడు అనండి. నిజంగా రోగులమీద జాలితో ఇచ్చిన మనిషైతే సంతోషిస్తారు. అలిగితే మిగిలిన గింజల డబ్బు లెక్కకట్టి తిరిగి ఇచ్చేయండి. కొంచెం ఇబ్బందే, అయినా వరస చెడిపోతే మీ వసారాకు ఇక మర్యాద ఉండదు.

ఇక శనక్కాయల సంచి. పుణ్యం పోతుందేమో అని భయపడుతున్నారు చూడండి, నాకు మీమీద చాలా ఇష్టం కలిగింది, కానీ ఆ భయం వదిలెయ్యండి. వాయనం ఇచ్చేటప్పుడు ఏమంటాం? "ఇస్తినమ్మ వాయనం" అని ఒకరంటే "పుచ్చుకుంటినమ్మ వాయనం" అని ఇంకొకరు అనాలి. అలా అనకపోతే ఇచ్చినదానికి ఇచ్చినట్టు లేదు. పుచ్చుకోవడం కూడా వ్రతంలో భాగమే. మా చిన్నప్పుడు పల్లెలో కోతలకు ముయ్యి పోయేవాళ్ళు. ఈ రోజు మీ చేలో మేము, రేపు మా చేలో మీరు. డబ్బు మాటే రాదు, కానీ ఎవరి ముయ్యి ఎవరికి బాకీ ఉందో ఆడవాళ్ళకు నోటికి వచ్చేది. మార్సెల్ మోస్ అనే ఫ్రెంచి పరిశోధకుడు 1925లో లోకంలోని ఎన్నో జాతుల ఆచారాలు పోల్చి, ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం అన్న మూడు బాధ్యతలతోనే మనుషుల మధ్య సంబంధాలు నిలుస్తున్నాయని రాశాడు. మన అవ్వలకు అది ఖాళీ గిన్నె దగ్గరే తెలుసు. పక్కింటి నుంచి పులుసు వచ్చిన గిన్నెను ఎవరైనా ఖాళీగా తిరిగి పంపేవాళ్ళా? ఇంట్లో ఏమీ లేకపోతే రెండు పలుకుల చక్కెరైనా వేసి ఇచ్చేవాళ్ళు.

ఆ తల్లి పన్నెండు రోజులు మీ గిన్నెను ఖాళీగా చేతిలో పట్టుకుని తిరిగింది. మీరు అడగలేదు, అది మీ మంచితనం. ఆమె మాత్రం మరిచిపోలేదు. బిడ్డను ఇంటికి తీసుకెళ్ళి, ఇల్లు సర్దుకుని, తన చేలో పండిందో కొన్నదో గాని సంచి కట్టి బస్సెక్కించింది. తిరుపతి గంగమ్మ జాతరకు తిరుమల నుంచి సారె వస్తుంది, చెల్లెలికి అన్నగారింటి నుంచి వచ్చినట్టు. సారెకు ఎవరైనా వెల కడతారా, తిప్పి పంపుతారా? మీరు ఆ కాయలు తిప్పి పంపితే, నువ్వు పుచ్చుకునేదానివే గాని ఇచ్చేదానివి కాదు అని ఆమెకు చెప్పినట్టు అవుతుంది. మీ ఆయన వాటికి డబ్బు పంపమంటే అదీ వద్దు.

వాటిని వేయించి ఊరిబిండి నూరండి. ఒక రోజు అన్నానికి బదులు సంగటి చేసి, అరవై మందికీ ఆ ఊరిబిండి వెయ్యండి. రాయచోటి ఆయన భార్య కనిపిస్తే ఆ రోజు ఆయన్ను తీసుకుని రమ్మనండి, కొత్త బోర్డు సంగతి కూడా చెప్పండి. సాయంత్రం ఆ తల్లికి ఫోను చేసి, మీ కాయలు అరవై మంది తిన్నారు, బాగున్నాయన్నారు అని చెప్పి, బిడ్డ ఎలా ఉందో అడగండి. సంచి మాత్రం దాచి ఉంచండి. మీ వారికి మదనపల్లె బస్సుల్లో తెలిసినవాళ్ళు ఉంటారు కదా, వాళ్ళ చేతికిచ్చి పంపేటప్పుడు బిడ్డకని ఒక లడ్డు అందులో పెట్టండి.